తొమ్మిది మెట్ల పైన ధమ్మం



గత వైశాఖ పూర్ణిమ నాడు మా విహారానికి ఒక తల్లి తన కొడుకును తీసుకొచ్చింది. పిల్లవాడికి పద్నాలుగేళ్లు. సెరిబ్రల్ పాల్సీ వల్ల నడవలేడు, మాట స్పష్టంగా రాదు. మా విహారానికి తొమ్మిది మెట్లు. వీల్‌చెయిర్‌ను కిందే వదిలేసి, కొడుకును భుజాన వేసుకుని ఆమె పైకెక్కింది. త్రిశరణ పంచశీలాలు అయ్యాక పెద్ద ఉపాసకుడొకరు పిల్లవాడి తల నిమిరి, "ఏం చేస్తాం తల్లీ, ఏ జన్మలో చేసుకున్నదో!" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, ఓదార్పుగానే అన్నారు. ఆయన వెనక గోడ మీద మాత్రం బాబాసాహెబ్ నాగపూర్‌లో ఇచ్చిన 22 ప్రతిజ్ఞలు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. నేను పక్కనే ఉన్నాను. పండగపూట పెద్దాయనను నొప్పించడమెందుకని నోరు మెదపలేదు. అది నా తప్పు. ఆ తప్పు ఒప్పుకుంటూనే ఇది రాస్తున్నాను.

మనల్ని ఊరి బయట నిలబెట్టింది ఈ మాటే కదా! పూర్వజన్మ పాపం వల్ల అంటరానివాడిగా పుట్టావన్న మతాన్ని 1956 అక్టోబరు 14న వదిలి వచ్చాం. కులం విషయంలో అబద్ధమైన మాట, కాళ్లు కదలని పిల్లవాడి విషయంలో నిజమెలా అయింది?

"మన గ్రంథాల్లోనూ ఉంది కదా" అంటారు కొందరు. ఉంది. దాచడమెందుకు? ధమ్మపదం మొదటి గాథకు అట్ఠకథ చెప్పే చక్ఖుపాల థేరుడి కథలో, ఆయన చూపు పోవడానికి కారణం గతజన్మ పాపమేనని ఉంది. వినయ పిటకం మహావగ్గంలో అంధులకు, బధిరులకు, కుంటివారికి ప్రవ్రజ్య ఇవ్వరాదన్న నియమమూ ఉంది. కానీ అదే మహావగ్గంలో ఇంకో ఘట్టం ఉంది. జబ్బుపడిన ఒక భిక్షువు తన మలమూత్రాల్లోనే పడి ఉంటాడు. ఎవరూ ఎందుకు చూడటం లేదని బుద్ధుడు అడిగితే, తాను ఎవరికీ ఉపయోగపడనందువల్లేనని ఆ భిక్షువు చెబుతాడు. బుద్ధుడు ఆనందుడితో కలిసి స్వయంగా ఆయనను కడిగి, మంచం మీద పడుకోబెట్టి, ఆ తర్వాత సంఘాన్ని మందలించాడు. నీ పాపమేమిటని మాత్రం అడగలేదు.

సంయుత్త నికాయంలో సీవకుడనే పరివ్రాజకుడు, మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనన్న వాదం గురించి అడుగుతాడు. బుద్ధుడు ఆ వాదాన్ని తోసిపుచ్చాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, రుతువుల మార్పు, దెబ్బలు ఇలా ఎనిమిది కారణాలు చెప్పి, కర్మను అందులో ఒకటిగా మాత్రమే లెక్కించాడు. బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో మరింత సూటిగా చెప్పారు. గతజన్మ కర్మ సిద్ధాంతం వల్ల జరిగేదల్లా పేదల, దీనుల స్థితికి సమాజం, రాజ్యం బాధ్యత తప్పించుకోవడమే. గ్రంథంలో రెండు మాటలున్నప్పుడు మనం దేన్ని పట్టుకుంటామో అదే మన ధమ్మం.

నల్గొండ జిల్లా మర్రిగూడ ప్రాంతానికి వెళ్లి చూడండి. వంగిపోయిన నడుములు, వంకర తిరిగిన కాళ్లు ఏ జన్మ పాపం? అది తాగిన నీళ్లలోని ఫ్లోరైడ్ చేసిన పని. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును వైద్యులు 1937లోనే గుర్తించారు. కారణం తెలిశాక కూడా దశాబ్దాల తరబడి జనం ఆ నీళ్లే తాగారు. కర్మ అనుకున్నవాడు మొక్కులు మొక్కుతాడు, నీళ్లు అనుకున్నవాడు కలెక్టరాఫీసు ముందు కూర్చుంటాడు. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడానే బౌద్ధం.

2011 జనగణన ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. ఎస్సీల్లో వారి శాతం 2.45, ఎస్సీ ఎస్టీలు కానివారిలో 2.18. చాలని తిండి, ప్రమాదకరమైన పనులు, అందని కాన్పు వైద్యం. ఈ కారణాలు మన వాడలకు కొత్త కాదు. ఇది మన సమస్య కాదని ఏ అంబేడ్కరిస్టు అనగలడు?

ఇక దానధర్మాల సంగతి. జయంతికి నాలుగు ట్రైసైకిళ్లు పంచి, దండలు వేయించుకుని ఫొటో దిగుతాం. నేనూ దిగాను. బండి తీసుకున్నవాడి పేరు కూడా నాకు గుర్తులేదు. 'దివ్యాంగులు' అని పేరు మార్చిన ప్రభుత్వానిదీ ఇదే పద్ధతి. మనల్ని 'హరిజనులు' అన్నప్పుడు మనకేమి ఒరిగింది? పేరులో దైవత్వం ఎవరడిగారు? అడిగింది హక్కు.

ఆ హక్కు చట్టంలో ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకు మించి వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్. న్యాయ సేవల చట్టం కింద వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం. ఆ తల్లి నన్ను అడిగిన ప్రశ్న, "నా తర్వాత వీడెవరికి సారూ?" అన్నది. దానికీ దారి ఉంది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ, పద్దెనిమిదేళ్లు నిండాక కూడా అలాంటి పిల్లలకు సంరక్షకులను నియమిస్తుంది. అదే ట్రస్టు 'నిరామయ' బీమాలో లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు వస్తుంది. పద్నాలుగేళ్లలో ఈ మాట ఆమెకు ఒక్కరూ చెప్పలేదు. కర్మ సంగతి మాత్రం చాలామంది చెప్పారు.

మరో మాట. ఆ చట్టం చెప్పే 'ప్రజా భవనం'లో ప్రజలు వచ్చే మతపరమైన స్థలాలూ ఉన్నాయి. పాత భవనాలను అందరూ వాడుకునేలా మార్చడానికి ఇచ్చిన ఐదేళ్ల గడువు 2022తోనే ముగిసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, ఈ ప్రమాణాలను కేవలం సలహాలుగా వదిలేయడం కుదరదని తేల్చింది. గుడిలోకి రానివ్వలేదని కాలారామ్ మందిరం ముందు పోరాడిన వారసులం, మన విహారం గడప దగ్గర ఒకడిని కిందే ఆపేస్తున్నాం.

కాబట్టి ప్రతి విహారంలో నెలకు ఒక ఆదివారం సహాయ కేంద్రం పెట్టండి. సదరం స్లాటు, యూడీఐడీ కార్డు, పెన్షన్ అప్పీలు, సంరక్షక దరఖాస్తు, ఇవన్నీ మన చదువుకున్న పిల్లలు రెండు వారాల్లో నేర్చుకోగలిగే పనులే. వికలాంగులను వేదిక మీద దానం పుచ్చుకోవడానికి కాదు, కమిటీలో నిర్ణయాలు చేయడానికి కూర్చోబెట్టండి. సభల్లో సంజ్ఞా భాష చెప్పేవారిని పిలవండి. "ఏ జన్మలో చేసుకున్నదో" అన్న మాట విహారంలో వినబడితే, అన్నది ఎంత పెద్దవారైనా అక్కడే ఆపండి.

మా తొమ్మిది మెట్ల ఎత్తు కొలిచాం. నాలుగున్నర అడుగులు. ఒకటికి పన్నెండు వాలు లెక్కన 54 అడుగుల ర్యాంపు కావాలి. బుద్ధ విగ్రహానికి బంగారు రంగు వేయించాలని పోగుచేసిన డబ్బు ముందు దీనికి ఖర్చు చేద్దామని కమిటీలో ప్రతిపాదించాను. కొందరికి కోపం వచ్చింది. రానివ్వండి. బుద్ధుడికి రంగు లేకపోయినా ఫర్వాలేదు. వచ్చే వైశాఖ పూర్ణిమకు ఆ పిల్లవాడు తన బండి మీదే లోపలికి రావాలి.

నమో బుద్ధాయ! జై భీమ్!