నష్టం ఎవరి ఖాతాలో?

‘ఒకే దేశం, ఒకే గ్రిడ్’ అన్న నినాదం వినసొంపుగానే ఉంటుంది. 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ లైనుతో దక్షిణాది జాతీయ గ్రిడ్‌లో కలిసినప్పుడు, ఆ కల నెరవేరిందని ఢిల్లీ చాటుకుంది. ఆ గ్రిడ్ పటంలో అండమాన్ నికోబార్ దీవులు నేటికీ లేవు.

తీగల్లో ఆవిరయ్యే విద్యుత్తు భారం ఎవరిదన్నది ప్రధాన భూభాగంలో పాత తగాదా. 2011 నుంచి కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి ప్రాంతాన్ని బట్టి వేర్వేరు నష్ట శాతాలు వర్తింపజేసింది. 2020 నిబంధనలు ఆ పద్ధతిని పక్కనపెట్టి, అంతర్రాష్ట్ర లైన్ల నష్టాన్ని వారం వారం దేశమంతటికీ ఒకే సగటుగా లెక్కిస్తున్నాయి. బొగ్గు గనుల పక్కనున్న రాష్ట్రమూ, వందల మైళ్ల అవతలి రాష్ట్రమూ ఒకే శాతం భరిస్తాయి. అది న్యాయమా కాదా అని వాదించవచ్చు. ఎవరు ఎంత మోస్తున్నారో మాత్రం తెలుస్తుంది.

దీవుల్లో ఆ స్పష్టత లేదు. అక్కడ ప్రధానాధారం డీజిల్ జనరేటర్లు. ఓడలో వచ్చిన డీజిల్‌తో పుట్టిన యూనిట్ దారిలో పోతే, బొగ్గు యూనిట్ పోయిన దానికంటే నష్టం ఎంతో ఎక్కువ. పంచుకోవడానికి పొరుగు రాష్ట్రమూ లేదు. సంయుక్త విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించే చార్జీలు ఖర్చులో కొంతే రాబడతాయి; మిగతాది కేంద్ర బడ్జెట్ పూడుస్తుంది.

శ్రీకాకుళం తీరం నుంచి వలస వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం ఇంట్లో దీపం వెలగడానికి ఈ సాయం అవసరం. అది భిక్ష కాదు. చిక్కల్లా ఒకటే: పంపిణీ చేసేది ప్రభుత్వ శాఖే. నష్టం తగ్గింపు లక్ష్యం తప్పినా ఆ బిల్లు చివరకు ఖజానాకే చేరుతుంది. అందరి సొమ్ముతో తీరే నష్టానికి జవాబుదారీ ఎవరూ ఉండరు.

ఇప్పుడీ ప్రశ్న పెద్దదవుతోంది. గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్‌తో పాటు 450 ఎంవీఏ గ్యాస్, సౌర విద్యుత్కేంద్రం ప్రతిపాదించారు. ఆ కొత్త లైన్ల నష్టం ఏ ఖాతాలో పడుతుంది? దీవులన్నిటి సగటులో కలిపితే, ఓడరేవు వాడిన విద్యుత్తు నష్టాన్ని బెస్తవాడా, పన్ను చెల్లింపుదారుడా మోస్తారు.

స్తంభాలు పాతకముందే సూత్రం తేలాలి. భారీ వినియోగదారులు తమ లైన్ల నష్టాన్ని తామే భరించాలి. గృహాలకిచ్చే సబ్సిడీని విడి పద్దుగా చూపాలి. నష్టం పంచుకోవడంలో తప్పులేదు. ఎవరి నష్టాన్ని ఎవరు పంచుకుంటున్నారో చెప్పకపోవడమే తప్పు.