కాలం చెల్లిన ఫోనులు, చెల్లని వాదాలు

మన మిత్రుల్లో ఒక వాదం తరచుగా వినపడుతోంది. "పాత ఫోనులో వాట్సాప్ పనిచెయ్యకపోతే కొత్త ఫోను కొనుక్కోవాలి. యంత్రమన్నాక పాతబడుతుంది. ఇందులో వర్గ సమస్య ఎక్కడుంది?" అంటారు. ఈ మాట అనేవారంతా ప్రగతి నిరోధకులు కారు. పెట్టుబడిదారీ విధానం మీద గంటసేపు అనర్గళంగా ఉపన్యసించగల అధ్యాపకులు కూడా వారిలో వున్నారు. నిరుటి దాకా నేనూ ఆ మాటే అన్నాను. అది తప్పని చెప్పడానికే ఈ వ్యాసం.

మా తరగతి విద్యార్థుల కోసం ఒక మెసేజి యాప్‌లో గ్రూపు పెట్టినవాణ్ణి నేనే. పరీక్ష ఫీజు గడువు అందులోనే ప్రకటించాను. నోటీసు బోర్డు మీద కాగితం అంటించడం దండగ అనుకున్నాను. గడువు దాటిన తర్వాత ఒక కుర్రాడు వచ్చాడు. అతనిది వాళ్ళన్నయ్య వాడి వదిలేసిన ఫోను, ఆండ్రాయిడ్ 4.4. అందులో ఆ యాప్ ఆగిపోయి చాలా రోజులైంది. "ముందే చెప్పకపోయావా?" అని మందలించాను. "ఏం చెప్పాలన్నా ఆ గ్రూపులోనే చెప్పమన్నారు గదా సార్!" అన్నాడు. అపరాధ రుసుముకు వాళ్ళమ్మ నాలుగు రోజుల కూలి పోయింది. ఆ తప్పు నాది.

అసలు విషయం తర్వాత తెలిసింది. కంప్యూటర్లు చదివే అతని స్నేహితుడు ముందుగా ఫోటోలూ, నంబర్లూ వేరేచోట భద్రపరిచాడు. ఎందుకంటే ఈ పనిలో ఫోనులోని సమాచారమంతా చెరిగిపోతుంది. తర్వాత తయారీదారు వేసిన బూట్‌లోడర్ తాళం తీశాడు. దేశదేశాల ఔత్సాహికులు తయారుచేసి ఉచితంగా ఇస్తున్న లీనేజ్ ఓఎస్ అనే వ్యవస్థను ఎక్కించాడు. దానితో కొత్త ఆండ్రాయిడ్ వచ్చింది. యాప్ పనిచేసింది. ఒక్క సాయంత్రం పని!

అదే గాజు పలక, అదే చిప్పు, అదే బ్యాటరీ. నిన్న కాలం చెల్లిన యంత్రానికి ఇవాళ కాలం ఎలా తిరిగివచ్చింది? యంత్రానికి శక్తి వుంది, అనుమతి లేదు. అనుమతి వుండడం, లేకపోవడం ప్రకృతి ధర్మం కాదు. అది ఆస్తి సంబంధం.

ఈ అనుమతి ఎలా నడుస్తుందో చూడండి. వాట్సాప్ 2017 డిసెంబరు 31న బ్లాక్‌బెర్రీ ఫోనులను, 2019 డిసెంబరు 31న విండోస్ ఫోనులను వదిలేసింది. 2023 అక్టోబరు 24 నుండి ఆండ్రాయిడ్ 5.0 కంటే పాత వ్యవస్థలకు స్వస్తి చెప్పింది. మన దేశంలో 2017లో 1,500 రూపాయల డిపాజిట్ మీద జియోఫోను వచ్చింది. 2018 సెప్టెంబరులో అందులో వాట్సాప్ పెట్టారు. ఆ ఫోను నడిచే కైఓఎస్‌లో 2025 తొలినాళ్ళలో తీసేశారు. పేదవాణ్ణి ముందు సంతలోకి పిలిచారు. సంత నిండాక గేటు వేశారు.

2014లో ఫేస్‌బుక్ ఈ వాట్సాప్‌ను దాదాపు 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. అప్పుడు వాట్సాప్‌లో పనిచేసేవారు కొన్ని పదుల మంది. వాడేవారు 45 కోట్లు. అన్ని కోట్ల డాలర్లు పోసి కొన్నదేమిటి? యంత్రాలు కాదు, భవనాలు కాదు. ఒకరితో ఒకరు మాట్లాడుకునే జనం అలవాటును కొన్నారు. ఆ విలువను సృష్టించింది మన మాటలే. తలుపు తాళం మాత్రం మన చేతిలో లేదు.

"పాత వ్యవస్థల్లో భద్రత వుండదు గదా" అంటారు. నిజమే. ఆ లోపాలను దాచవలసిన అవసరం మనకు లేదు. కాని భద్రతా సవరణలు ఆపిందెవరు? రెండు మూడేళ్ళకే ఫోనును గాలికి వదిలేసిన తయారీదారు. ఇల్లు కట్టినవాడే పైకప్పు తీసేసి, వాన పడుతోంది కనుక ఖాళీ చెయ్యమంటే న్యాయమా? పైగా, బాగుచేస్తామని ముందుకు వచ్చినవారిని సాగనిచ్చారా? 2011లో వచ్చిన నోకియా ఎన్9కు కంపెనీ వాట్సాప్ ఇవ్వలేదు. ఔత్సాహికులు 'వాజాప్' అనే యాప్‌ను స్వయంగా తయారుచేసుకున్నారు. 2015 జనవరిలో వాట్సాప్ ప్లస్ అనే అనధికార యాప్ వాడేవారిని కంపెనీ 24 గంటలు వెలివేసింది. ఎవరో మార్చి పంచే యాప్‌లను నమ్మవద్దని నేనూ విద్యార్థులకు చెబుతాను. మన మాటలు ఎవరి చేతిలో పడతాయో తెలియదు. కాని దొంగదారులు ఎందుకు పుడతాయి? రాజమార్గం మూసినందువల్ల.

మా కుర్రవాడి స్నేహితుడి నేర్పు మెచ్చదగినదే. అయినా అది పరిష్కారం కాదు. ఎన్నో ఫోనులకు ఆ తాళం తీసే వీలే లేదు. జియోఫోను చేతిలో వున్న కూలిమనిషికి ఏ స్నేహితుడూ ఏమీ చెయ్యలేడు. ఒక్కొక్క ఫోనును బతికించుకోవడం ఆత్మరక్షణ, ఉద్యమం వేరే.

ఒక కంపెనీ సిమ్ నుండి మరో కంపెనీ సిమ్‌కు ఫోను వెళుతుంది. ఒకరి ఈమెయిలు మరొకరికి చేరుతుంది. మెసేజికి ఆ ధర్మం ఎందుకు వర్తించదు? అసాధ్యమా? ఎక్స్‌ఎంపీపీ అనే బహిరంగ నియమావళి 2004లోనే ప్రమాణంగా వచ్చింది. దాన్ని తనకు అనువుగా మార్చుకునే వాట్సాప్ ఎదిగింది. ఉమ్మడి బాటమీద నడిచి వచ్చి, బాటకు అడ్డంగా గోడ కట్టింది! ఇతర సేవలు కోరితే తలుపు తీయాలని ఐరోపా సమాఖ్య చట్టం 2024 మార్చి నుండి దాన్ని నిర్బంధిస్తోంది. ఐరోపా ప్రభుత్వాలు సోషలిస్టు ప్రభుత్వాలేమీ కావు. వాళ్ళు అడగగలిగినది మనం అడగలేమా? మన దేశంలో అలాంటి చట్టం లేదు. అది కావాలని అడిగే గొంతు కూడా మన సభల్లో వినపడదు.

చట్టం వచ్చేదాకా చేతులు ముడుచుకోనక్కర లేదు. కళాశాల ప్రకటన ఏదీ ఒక ప్రైవేటు యాప్‌లో మాత్రమే వుండకూడదు. నోటీసు బోర్డు మీద కాగితం, ఏ ఫోనుకైనా చేరే ఎస్ఎంఎస్ తప్పనిసరి కావాలి. ముందు మన సంఘంతో మొదలుపెడదాం. కిందటి సమావేశం కబురు మనం ఎక్కడ పెట్టాం? ఆ గ్రూపులోనే. రానివారిని ఉదాసీనులన్నాం. వారిలో ఎందరికి కబురు అందిందో ఒక్కరమైనా విచారించామా?