నీటిని వాకిట నిలిపిన వాచీ

మన భాషలో కాలానికీ నీటికీ పూర్వసంబంధం ఉన్నది. 'గడియారం' అనే మాటలో 'గడియ' దాగి ఉన్నది. ఉర్దూలోని 'ఘడీ' దానికి తోబుట్టువు. రెండింటికీ మూలం 'ఘటిక', అనగా చిన్న కుండ. అడుగున సన్నని రంధ్రం గల గిన్నెను పూర్వులు నీటిపై విడిచేవారు. అది నిండి మునిగితే ఒక గడియ, అనగా 24 నిమిషాలు, గడచినట్లు లెక్క. ఆనాడు నీరు లోనికి వస్తేనే కాలం తెలిసేది. నీటిని లోనికి రానీయకుండా కాలం చెప్పే యంత్రాన్ని ఇరవయ్యవ శతాబ్దం తయారు చేసింది. అదే డైవర్ల వాచీ.

నేడు దీనిని అలంకారంగా ధరించేవారే ఎక్కువ. నీటి అడుగున పనిచేసే వారికి ముంజేతి కంప్యూటర్లు వచ్చినవి. అయినప్పటికీ బ్యాటరీ లేక స్ప్రింగుతోనే నడిచే ఆ వాచీ నిర్మాణాన్ని మన విద్యార్థులు శ్రద్ధగా పరిశీలించాలని నా అభిప్రాయం. ప్రమాదం ఏ దారిన వస్తుందో ముందుగా ఒప్పుకొన్నప్పుడే వస్తువుకు దృఢత్వం కలుగుతుందని అది బోధిస్తుంది.

1953లో స్విట్జర్లాండులోని బ్లాంక్‌పాన్ సంస్థ 'ఫిఫ్టీ ఫాథమ్స్' అనే వాచీని వెలువరించింది. ఫాథమ్ అంటే మన పడవవారు లోతును కొలిచే బార వంటిదే. 50 ఫాథములు సుమారు 91 మీటర్లు. ఆ సంస్థను నడిపిన జాన్-జాక్ ఫీష్టర్ స్వయంగా సముద్రంలో మునిగే అలవాటు గలవాడు. ఫ్రెంచి నౌకాదళపు డైవర్లు తమకు కావలసిన లక్షణాలను పట్టికగా ఇచ్చారు. వాడబోయేవాడి అనుభవం తయారీకి ముందే బల్లపైకి చేరిందన్నమాట.

నీటిలో ప్రతి 10 మీటర్లకు ఇంచుమించు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 100 మీటర్ల లోతున, 3 సెంటీమీటర్ల వ్యాసం గల అద్దంపై నీరు మోపే భారం సుమారు 70 కిలోలు. ఒక మనిషి ఆ చిన్న అద్దంపై నిలబడినట్లే. నీరు దూరగల వాకిళ్లు మూడు: అద్దపు అంచు, వెనుక మూత, కీ ఇచ్చే బొడిపె. మూడు చోట్లా రబ్బరు వాషర్లు కాపలా ఉంటాయి. నీరు నొక్కిన కొద్దీ మూత వాషరుపై మరింత బిగుసుకుంటుంది. శత్రువు బలమే తలుపుకు గడియ అవుతుంది. అన్నింటిలో బలహీనమైనది బొడిపె. అందుచేత దానిని మరచుట్లతో బిగించే పద్ధతి వచ్చింది. ఇక దానిని రోజూ విప్పి కీ ఇచ్చే పని లేకుండా, చేతి కదలికకే స్ప్రింగు చుట్టుకొనే ఏర్పాటు చేశారు.

నాకు అన్నింటికంటె గొప్పగా తోచేది అద్దం చుట్టూ తిరిగే వలయం. మునిగే ముందు దాని గుర్తును నిమిషాల ముల్లుకు ఎదురుగా నిలిపితే, నీటిలో గడచిన కాలం తెలుస్తుంది. లోతున ఎక్కువసేపు ఉండి త్వరగా పైకి వస్తే రక్తంలో నత్రజని బుడగలు ఏర్పడి ప్రాణానికే ముప్పు. ఏ రాయో తగిలి వలయం జరిగితే? అందుకే అది ఒక దిక్కుకే తిరుగుతుంది. పొరపాటున జరిగినా గడచిన కాలం ఎక్కువగానే కనిపిస్తుంది, ఎన్నటికీ తక్కువగా కనిపించదు. మనిషి వేళకు ముందే పైకి వస్తాడు, బ్రతుకుతాడు. మనిషి తప్పు చేయడని నమ్మడం అవివేకం. తప్పు జరిగినా అది ప్రాణం వైపే మొగ్గేటట్లు చూడడం వివేకం.

జపానులో మరొక సంఘటన జరిగింది. 1968లో హిరోషిమా ప్రాంతంలోని కురే నుండి ఒక డైవరు సీకో సంస్థకు ఉత్తరం వ్రాశాడు. మిక్కిలి లోతున తాను చేసే పనికి వారి వాచీ తట్టుకోవడం లేదని ఫిర్యాదు. ఇంజనీర్లు దానిని పక్కన పడవేయలేదు. ఏడేళ్లు శ్రమించి 1975లో 600 మీటర్లకు తగిన టైటానియం వాచీని తెచ్చారు. ఒత్తిడికి డైవరు దుస్తులు కుంచించుకుపోయి పట్టీ వదులు కాకుండా, మడతలతో సాగి ముడుచుకొనే పట్టీని కూడా కల్పించారు. ఒక్క ఉత్తరం అంతటి పని చేసింది.

మన గోదావరికి ఇటువంటి ఉత్తరాలు ఎవరు వ్రాశారు? నీట మునిగి ఇసుక తీసే కూలీకి ఊపిరే గడియారం. పై ఏటిలో 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగింది. ధర్మాడి సత్యం బృందం, విశాఖ నుండి వచ్చిన డైవర్లు శ్రమించగా అక్టోబరు 22న గాని అది ఒడ్డుకు రాలేదు. మునిగిన తరువాత వారి నేర్పును ప్రశంసించాము. మునుగక ముందు అటువంటి వారిని అడిగి తెలుసుకొనే ఆచారం మనకు ఎప్పుడు వస్తుంది?

దృఢత్వం ఒకనాడు సంపాదించి దాచుకొనే ఆస్తి కూడా కాదు. రబ్బరు వాషరు కాలక్రమాన ఎండి బీటలు వారుతుంది. కొద్దిపాటి ఖరీదు గల ఆ వాషరును మార్చకపోతే ఎంత ఖరీదైన వాచీ అయినా ఒక్క మునకతో పాడవుతుంది. పడవలోని లైఫ్ జాకెట్టుకు, రేవులోని పంటుకు, మన ప్రయోగశాలలోని విద్యుత్తు తీగకు ఇదే సూత్రం వర్తిస్తుంది.

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి రెండే మాటలు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక పాత కీ వాచీని విప్పి, దాని భాగాలను విద్యార్థులు చేతితో తాకి నేర్చుకొనే అవకాశం కల్పించండి. ఏడాదికి ఒకసారి సైన్సు, సాహిత్య విద్యార్థులను కలిపి గౌతమి, వశిష్ఠ రేవులకు పంపండి. పడవవారు, జాలరులు, ఇసుక కూలీలు చెప్పే ఇబ్బందులను వారు తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాసి తేవాలి. సైన్సు విద్యార్థులు పరిష్కారం ఆలోచించాలి. కురే డైవరు యంత్రం తయారు చేయలేదు. తన కష్టాన్ని స్పష్టమైన మాటలలో పెట్టాడు. ఆ పని మన విద్యార్థులు చేయగలరు.