పిల్లల ఊపిరి లెక్కపెట్టేదెవరు?

వెల్గటూర్: వానలు ముదిరితే మన పల్లెల్లో ఏ ఇంట చూసినా ముక్కు కారే పిల్లలే. ‘సర్ది చేసింది, మూడొద్దుల్లో పోతది’ అనుకోవడం అలవాటైంది. చాలాసార్లు అలాగే పోతుంది కూడా. కాని వచ్చింది ఇన్‌ఫ్లుయెంజా అయితే ఆ ధీమా పసిప్రాణాల మీదికి తేవచ్చు.

ఇది కొత్త జబ్బేమీ కాదు. 1918లో దేశంలో కోటి మందికి పైగా బలి తీసుకున్నది ఇదే. 2009 మే నెలలో దేశంలో మొదటి స్వైన్‌ఫ్లూ కేసు హైదరాబాద్‌లోనే బయటపడింది. 2015 ఆరంభంలో తెలంగాణను మళ్లీ వణికించింది. భయం ఉన్నన్నాళ్లు మాస్కులు కట్టుకున్నాం, తర్వాత మరచిపోయాం. ఫ్లూ మాత్రం ఏటా వస్తూనే ఉంది.

మామూలు పడిశం మెల్లగా మొదలవుతుంది. ఫ్లూ అలా కాదు. ఉన్నట్టుండి ఒళ్లు కాలిపోయే జ్వరం, పొడిదగ్గు, ఒళ్లునొప్పులు వస్తాయి. చిన్నపిల్లలకైతే వాంతులు, విరేచనాలు, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. ఐదేళ్లలోపు వారికి, అందునా రెండేళ్లలోపు పసివారికి ముప్పు ఎక్కువ. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్న పిల్లల సంగతి చెప్పనక్కరలేదు. అయితే అంతవరకు ఏ జబ్బూ లేని పిల్లలు కూడా ఆస్పత్రి పాలవుతున్నారు. చేరిన వారిలో అత్యధికులు కోలుకుని ఇంటికి వస్తారు. ప్రాణం తీసేది ఎక్కువగా న్యుమోనియా, దానికి తోడు మన ఆలస్యం.

ఆ ఆలస్యాన్ని తల్లులే తప్పించగలరు. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలలలోపు బిడ్డకు 60, ఏడాదిలోపు బిడ్డకు 50, ఐదేళ్లలోపు వారికి 40 లేదా అంతకు మించితే ప్రమాదమే. డొక్కలెగరేస్తున్నా, పాలు తాగకున్నా, మగతగా పడి ఉన్నా, తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టినా 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకుపోవాలి.

జ్వరం రాగానే సూదిమందు వేయించనిదే మనకు తృప్తి ఉండదు. ఫ్లూ వైరస్‌పై యాంటీబయోటిక్స్ పనిచేయవు. పిల్లలకు ఆస్పిరిన్ అసలే ఇవ్వరాదు, మెదడుకు, కాలేయానికి చేటు తెస్తుంది. ఒసెల్టామివిర్ మందును 48 గంటల్లోపు మొదలుపెడితే మేలు ఎక్కువ. దాన్ని డాక్టరే రాయాలి.

తల్లులకు చెప్పి ఊరుకుంటే చాలదు. జగిత్యాలలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, సంతోషమే. కాని రోగం మొదలయ్యేది పల్లెలో. ప్రతి ఆరోగ్య కేంద్రంలో పిల్లల వేలికి సరిపడే ఆక్సిజన్ కొలిచే పరికరం, ఒసెల్టామివిర్ నిల్వ ఉండాలి. వానాకాలంలో ఆశా కార్యకర్తలు ఇంటింటా ఊపిరి లెక్క నేర్పాలి. న్యుమోనియాను అడ్డుకునే పీసీవీ టీకాను 2021 నుంచి దేశమంతటా ఉచితంగా ఇస్తున్నారు. ఆరు నెలలు నిండిన పిల్లలకు ఏటా వేయదగిన ఫ్లూ టీకా మాత్రం ఆ ఉచిత జాబితాలో లేదు. కూలిచేసుకునే వారు దాన్ని కొనగలరా? కనీసం ఉబ్బసం, గుండెజబ్బు ఉన్న పేద పిల్లలకైనా ప్రభుత్వమే వేయించాలి. పిల్లలు పడకెక్కాక పరుగులు పెట్టేకంటే ముందే మేల్కొనడం మంచిది.