చెక్క కింది ఖాళీ

పిల్లలూ! ధాన్యపు గోదాములో బస్తాలను వట్టినేల మీద పేర్చరు. ముందుగా చెక్క చట్రాలు పరచి, వాటి మీద బస్తాలు వేస్తారు. నేలలోని చెమ్మ అంటకుండా, అడుగున గాలి ఆడేందుకు ఈ ఏర్పాటు. అంటే బస్తాలను కాపాడేది చెక్క మాత్రమే కాదు, చెక్క కింద ఉన్న ఖాళీ కూడా.

ఆ ఖాళీకి మరొక గొప్ప ఉపయోగం ఉన్నది. అందులోకి రెండు ఇనుప చేతులు దూర్చి ఎత్తితే, పైన ఉన్న సరుకంతా ఒక్కసారిగా లేస్తుంది. ఇలా ఎత్తడానికి వీలుగా చేసిన బల్లను 'ప్యాలెట్' అంటారు. ఎత్తే యంత్రం పేరు 'ఫోర్క్‌లిఫ్ట్'. దాని ఇనుప చేతులే 'ఫోర్కులు'.

దీనివల్ల శ్రమ ఎంత తగ్గినదో వినండి. డబ్బాలలో నిలవచేసిన ఆహారం 13,000 పెట్టెలు ఒక రైలు వ్యాగనులో ఉన్నవి. వాటిని విడివిడిగా దింపడానికి 3 రోజులు పట్టినదనీ, అదే సరుకు ప్యాలెట్ల మీద ఉన్నప్పుడు 4 గంటలు చాలినవనీ 1931లో అమెరికాలో ఒక రైల్వే పత్రిక వ్రాసింది. 50 కిలోల బస్తాను వీపున మోసే హమాలీని చూచినవారికి ఈ లెక్క విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇక ప్యాలెట్ భాగాలు చూద్దాం. పైన పరచిన పలకల వరుస 'డెక్'. సరుకు కూర్చునేది దీని మీదనే. డెక్‌ను నేలనుంచి ఎత్తిపట్టే పద్ధతులు రెండు. ఒక కొసనుంచి రెండో కొస దాకా పొడుగాటి పట్టెలు నిలిపితే, ఆ పట్టెలను 'స్ట్రింగర్లు' అంటారు. పట్టెలకు బదులు చెక్క దిమ్మలు, సాధారణంగా తొమ్మిది, పెడితే అవి 'బ్లాకులు'.

స్ట్రింగర్ గోడవలె అడ్డం నిలుస్తుంది. కనుక ఫోర్కులు రెండు కొసలనుంచే దూరుతాయి. ఇది 'టూ-వే' ప్యాలెట్. దిమ్మల మధ్యనో, నాలుగు వైపులా ఖాళీయే. ఇది 'ఫోర్-వే' ప్యాలెట్.

"ఎటునుంచి దూరితే ఏమిటి?" అని మీకు తోచవచ్చు. ఒక లెక్క చేద్దాం. దూరదేశాలకు పోయే సరుకును ఓడ మీద పెద్ద ఇనుప పెట్టెలలో పంపుతారు. వీటినే కంటైనర్లు అంటారు. 20 అడుగుల కంటైనరు లోపలి పొడవు సుమారు 5.9 మీటర్లు, వెడల్పు సుమారు 2.35 మీటర్లు. మామూలుగా తలుపు ఒక కొసనే ఉంటుంది. మన ప్యాలెట్ పొడవు 1.2 మీటర్లు, వెడల్పు 1 మీటరు అనుకోండి.

ప్యాలెట్లను నిలువుగా పెడితే పక్కపక్కన రెండు బారులు పడతాయి. ఒక్కొక్క బారులో నాలుగింటికి 4.8 మీటర్లు పోగా, మిగిలినది 1.1 మీటర్లు. ఐదవది పట్టదు. మొత్తం 8. కాని ప్రతి బారులోనూ ఒక్కదానిని అడ్డంగా తిప్పితే, అది పొడవులో 1 మీటరే ఆక్రమిస్తుంది. అప్పుడు 5.8 మీటర్లలో ఐదు పడతాయి. మొత్తం 10!

చిక్కు ఇక్కడనే ఉన్నది. తలుపు దగ్గర నిలబడి చూస్తే, తిప్పిన ప్యాలెట్లు తమ పొడుగు వైపును చూపిస్తాయి. స్ట్రింగర్లు ఆ వైపు వెంట ఉన్న టూ-వే ప్యాలెట్లయితే, ఫోర్కులకు ఎదురుగా గోడే. యంత్రం వెనక్కు తగ్గాలి, మనుషులు లోపలికి వెళ్ళి ఒక్కొక్క పెట్టెనే మోసుకు రావాలి. ఫోర్-వే అయితే ఆ బాధ లేదు. అందుకే సరుకు ఎక్కించే ముందు ప్యాలెట్ ఏ రకమో అడిగి తెలుసుకుంటారు. పేరులో పొరపాటు జరిగితే ఆ బరువు చివరకు ఎవరో ఒకరి వీపు మీదనే పడుతుంది.

ఇప్పుడు మీకొక పని. తిప్పిన రెంటినీ పక్కపక్కన పెడితే 2.4 మీటర్లవుతుంది, కంటైనరులో పట్టదు. మరి వాటిని ఎక్కడెక్కడ ఉంచాలి? గళ్ళ కాగితం మీద 10 సెంటీమీటర్లకు ఒక గడి చొప్పున కంటైనరు గీయండి. 12 గళ్ళ పొడవు, 10 గళ్ళ వెడల్పు గల ముక్కలు పది కత్తిరించి, అందులో అమర్చి చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళను కూడా ప్రయత్నించమనండి. ఎవరు ముందు సాధిస్తారో చూద్దాం!