ఇంటి పన్ను కట్టినోడిదేనా బడి?

పుత్తూరు బజారులో టీ అంగడి కాడ ఒక పెద్దమనిషి మమ్మల్ని నిలదీసినాడు. ‘ఏమయ్యా అయివారూ, ఏటేటా ఇంటి పన్ను పెంచతా ఉండారు. కట్టేది మేము. మా పిల్లోళ్ళు పోయేది కాన్వెంటుకు. మీ సర్కారు బడికి మా దుడ్లేల?’ అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురూ తలలూపినారు. ఆ పూట టీ తాగి వచ్చేసినాము. జవాబు ఇక్కడ రాస్తున్నాము, ఎందుకంటే ఆ ప్రశ్న ఆయనొక్కడిది కాదు.

ముందు లెక్క చూద్దాం. మున్సిపాలిటీ ఇంటి పన్ను పోయేది వీధి దీపాలకు, కాలువలకు, చెత్త ఎత్తడానికి. పంతుళ్ళ జీతం రాష్ట్ర ఖజానాది. మధ్యాహ్న భోజనం ఖర్చు కేంద్రం, రాష్ట్రం కలిసి పెట్టుకునేది. ఇంటి పన్నుతోపాటు చదువు పేరుతో వసూలయ్యేది గ్రంథాలయ పన్ను, రూపాయికి 8 పైసలు. అంటే ఆ పెద్దమనిషి లెక్క తప్పు. అయితే ఆ తప్పు లెక్క వెనక ఒక నమ్మకం ఉంది: ఆస్తి ఉన్నోడు కడతాడు, లేనోడు తింటాడు అని. మనం విప్పాల్సిన ముడి అదీ.

పన్ను పెరిగిన మాట నిజమే. 2020 దాకా ఇంటికి ఎంత అద్దె వస్తుందో చూసి పన్ను వేసేవాళ్ళు. ఆ ఏడు చట్టం మార్చి, 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి విలువను బట్టి వేస్తున్నారు. నివాసాలకు విలువలో 0.10 నుంచి 0.50 శాతం, వ్యాపార కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం. ఈ మార్పు బడుల కోసం చేసింది కాదు. రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవాలంటే పట్టణ పన్నులు సవరించాలని 2020లో కేంద్రం షరతు పెట్టింది. ఇంట్లోనే మరమగ్గం పెట్టుకుని బతికేవాడినీ, కల్యాణ మండపం యజమానినీ ఒకే గాటన కట్టమని మేము అనము. చిన్నోడి బాధ బాధే.

మరి లేనోడు కట్టడం లేదా? సబ్బు కొన్నా, అగ్గిపెట్టె కొన్నా పన్ను. కూలి చేసి సాయంత్రం సారా అంగడిలో పోసే దుడ్లలో సగానికి పైగా సర్కారుకే. జనం దగ్గర ఆబ్కారీ రూపంలో ఎంత లాగుతున్నారో, కనీసం అంతైనా వాళ్ళ చదువుకు పెట్టండని బాబాసాహెబ్ 1927లోనే బొంబాయి శాసనమండలిలో అడిగినాడు. అడిగి వందేళ్ళు కావస్తోంది.

ఇంకొక పన్ను ఉంది. దానికి పన్ను అని పేరు లేదు. అమ్మఒడి డబ్బులో 2021లో మరుగుదొడ్ల నిర్వహణకని 1,000 రూపాయలు పట్టుకున్నారు. 2022లో కోత 2,000 అయింది. 2024లో ప్రభుత్వం మారింది. 2025లో పథకం ‘తల్లికి వందనం’ అయింది. తల్లి చేతికి 13,000, బడి పేరిట 2,000. పార్టీ మారింది, పేరు మారింది, కోత మారలేదు. పైగా మన బిడ్డల తల్లులకిచ్చిన అమ్మఒడి సొమ్మును ఎస్సీ సబ్‌ప్లాన్ ఖాతాలోనే రాసినారు.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాది పన్ను 50 రూపాయలని 2020 నిబంధనల్లో పెట్టినారు. మన అరుంధతివాడ ఇండ్లు అవే. ఆ ఇంటి తల్లి ఒక్క బిడ్డ పేరు మీద బడి నిర్వహణకని వదులుకునేది 2,000. అంటే 40 ఏండ్ల ఇంటి పన్ను ఒక్క ఏట! బడిని ఎవరు మోస్తున్నారో ఇప్పుడు చెప్పండి పెద్దమనుషులారా.

మా కుర్రాళ్ళు కొందరు అంటారు, ‘అట్లయితే ఏ ఊరి ఇంటి పన్ను ఆ ఊరి బడికే ఇయ్యమందాం సార్’ అని. తొందరపడొద్దు తమ్ముళ్ళూ. అమెరికాలో బడులకు ఆస్తి పన్నే పెద్ద ఆధారం. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే మెక్సికన్ పేదల పేట ఉంది. 1967-68లో వాళ్ళు పన్ను ఎక్కువ రేటుకు కట్టినా, ఇండ్ల విలువ తక్కువ కాబట్టి బిడ్డకు వచ్చింది 26 డాలర్లు. అదే నగరంలో అలమో హైట్స్ ధనికులు తక్కువ రేటుకు కట్టినా బిడ్డకు 333 డాలర్లు వచ్చింది. డిమిట్రియో రోడ్రిగ్జ్ అనే తండ్రి, తోటి తల్లిదండ్రులు కోర్టుకు పోయినారు. 1973లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో, చదువు తమ రాజ్యాంగంలో ప్రాథమిక హక్కు కాదని వాళ్ళను ఓడించింది.

మనకూ అనుభవం ఉంది. చిత్తూరు జిల్లా మద్రాసు కింద ఉన్నప్పుడు, 1920 చట్టం స్థానిక సంస్థలకు విద్యా పన్ను వేసే వీలిచ్చింది. ఆ బోర్డుల్లో కూర్చున్నది భూములున్నోళ్ళు. చాలా బోర్డు బళ్ళలో మన తాతల్ని గడప ఎక్కనీయలేదు. అందుకే లేబర్ డిపార్ట్‌మెంటు మనకు వేరే బళ్ళు పెట్టాల్సి వచ్చింది. ఊరి సొమ్ము ఊరి చేతిలో ఉంటే వాడకు ఏం మిగులుతుందో మనకు ఒకరు చెప్పాలా?

అమెరికా వాళ్ళకు లేనిది మనకుంది. 2002 సవరణతో వచ్చిన 21ఏ అధికరణం చదువును ప్రాథమిక హక్కు చేసింది. 2010 ఏప్రిల్ నుంచి చట్టం అమల్లో ఉంది. హక్కుకు ఇంటి పన్ను రసీదు అడగరు. అందుకే మేము అడుగుతున్నాము:

పెద్ద ఆస్తి నుంచి ఎక్కువ తీసుకోండి, చిన్న ఇంటిని వదిలేయండి. బడి సొమ్ము రాష్ట్రమంతా ఒక్కచోట చేర్చి, అవసరాన్ని బట్టి పంచండి, వాడ బడికి ముందు ఇవ్వండి. తల్లి డబ్బులో 2,000 కోత ఆపండి, బడి దొడ్డి శుభ్రం ఖజానా బాధ్యత. సబ్‌ప్లాన్ సొమ్మును అందరి పథకాలకు మళ్ళించొద్దు. వచ్చింది ఎంత, ఖర్చయింది ఎంత అని ప్రతి బడి గోడ మీదా రాయండి.

మాలాంటోళ్ళం, ఇంట్లో మొదట డిగ్రీ చదివినోళ్ళం, సర్కారు బడి లేకుంటే ఈ రాత రాసే వాళ్ళమే కాదు. మాకు ఆ బడి ఎవరూ వేసిన భిక్ష కాదు. మా అమ్మ కూలి అందులో ఉంది.

టీ అంగడి పెద్దమనిషికి చివరి మాట. ఎక్కడెక్కడి నుంచో చెయ్యి విరిగినోళ్ళు, కాలు విరిగినోళ్ళు మన పుత్తూరుకు వస్తారు. కట్టు కట్టే ముందు నీకు ఇల్లుందా, పన్ను కట్టినావా అని ఎవరైనా అడిగినారా? విరిగింది ఎక్కడో చూసి అక్కడ కడతారు. బడికీ అంతే.

జై భీమ్!