వేడి ఎవరి ఖాతాలో రాయాలి?

హేతువాది యోగా చేయవచ్చునా? మన సంఘం మీటింగుల్లో ఈ ప్రశ్న చాలాసార్లు వచ్చింది, ఒక్కసారీ తేలలేదు. చేస్తే బాబాలకి లొంగిపోయినట్టేనని కొందరు, వ్యాయామానికి మతమేమిటని కొందరు. మొన్న వేసవిలో నేను చేసి చూశాను. అదీ మామూలు యోగా కాదు, హాట్ యోగా.

నేను బి.కాం. చదివి, రక్షణ లెక్కల శాఖలో ముప్ఫై ఏళ్ళకి పైగా పనిచేసి, కలకత్తాలో రిటైరై ఇక్కడే ఉండిపోయిన తెలుగువాణ్ణి. పదేళ్ళుగా బీపీ ఉంది. రోజూ పొద్దున ఒక మాత్ర. ఒంట్లో నీటిని మూత్రం ద్వారా బయటికి పంపే మందు కూడా అందులో కలిసి ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

దక్షిణ కలకత్తాలో ఒక స్టూడియో. క్లాసుకి 800 రూపాయలు. గదిలో 40 డిగ్రీల వేడి, 26 ఆసనాలు, రెండు శ్వాస అభ్యాసాలు, 90 నిమిషాలు. మే నెలలో, బయట చొక్కా ఒంటికి అతుక్కుపోతుంటే, లోపల హీటర్లు పెట్టి డబ్బు తీసుకుంటున్నారు! "ఆ 800 నాకిచ్చి వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడండి" అంది మా ఆవిడ.

నేర్పే కుర్రాడు మర్యాదస్తుడే. "చెమటతో విషాలన్నీ పోతాయి కాకూ (బాబాయ్ అన్నమాట), రెండు నెలల్లో బీపీ మాత్ర మానేయొచ్చు" అన్నాడు.

నలభై నిమిషాలయ్యేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. చాప మీద కూలబడ్డాను. కాసేపటికి తేరుకుని ఇంటికొచ్చి లెక్క చూసుకున్నాను. వెళ్ళే ముందు బరువు 71.2 కిలోలు, వచ్చాక 70. బీపీ 138/86 ఉన్నది 104/66 అయింది. ఒప్పుకోవాలి, ఆ అంకె చూసి ఒక్క క్షణం నేనూ నమ్మాను. మాత్రల డబ్బా వంక చూశాను కూడా.

మర్నాటికి నీళ్ళు, మజ్జిగ తాగాక బరువు 71.1. బీపీ 140/86. ఆఫీసులో ఇలాంటి అంకెల్ని సస్పెన్స్ ఖాతాలో వేసేవాళ్ళం, తెల్లారితే రివర్స్ ఎంట్రీ పడేది. తగ్గింది జబ్బు కాదు, ఒంట్లో నీరు. చెమటంటే దాదాపు అంతా నీరూ ఉప్పూను. వ్యర్థాల పని ప్రధానంగా కాలేయానిదీ మూత్రపిండాలదీ. నా మాత్రా, ఆ గదీ ఒకే ఖాతాలోంచి నీరు డ్రా చేశాయి, అంతే. నా పాత సహోద్యోగి ఒకాయన ఎవరో చెప్పారని ఇలాగే బీపీ మాత్రలు మానేశాడు. ఏడాది తిరక్కుండా పక్షవాతం వచ్చింది. ఇప్పటికీ కుడిచేత్తో సంతకం పెట్టలేడు.

ఇంతకీ ఈ వేడి ఎక్కణ్ణుంచి వచ్చింది? దాని మూలం మా ఊళ్ళోనే ఉంది. బిష్ణు చరణ్ ఘోష్ 1923లో ఇక్కడ వ్యాయామ కళాశాల పెట్టాడు. 'ఒక యోగి ఆత్మకథ' రాసిన పరమహంస యోగానందకి స్వయానా తమ్ముడు. అన్న ఆత్మ సంగతి చూసుకుంటే తమ్ముడు కండల సంగతి చూసుకున్నాడు. ఘోష్ శిష్యురాలు రేబా రక్షిత్ గుండెల మీద ఏనుగుని ఎక్కించుకునేది. మన కోడి రామమూర్తి నాయుడు గారు అంతకు ముందే ఆ పని చేసి చూపించారు కదా. ఘోష్ దగ్గర హీటర్లు లేవు. వచ్చినవాడి బాధ ఏమిటో అడిగి, దానికి తగ్గ ఆసనాల చీటీ రాసిచ్చే పద్ధతి.

హీటర్ తగిలించింది ఆయన శిష్యుణ్ణని చెప్పుకునే బిక్రమ్ చౌదరి, 1970లలో విదేశాలకి వెళ్ళాక. భారతదేశపు వేడిని అక్కడ కల్పించడానికట! అంటే కలకత్తా ఎండకి నకలు తీసి, దాన్ని మళ్ళీ కలకత్తావాడికే 800కి అమ్ముతున్నారన్నమాట.

తన 26 ఆసనాల వరస మీద ఆయన కాపీరైట్ కూడా కోరాడు. 2015లో అమెరికా అప్పీలు కోర్టు కుదరదంది. ఇది ఆరోగ్యం బాగుచేసే పద్ధతి అని మీరే చెబుతున్నారు, పద్ధతులకి కాపీరైట్ ఉండదు అని. గొప్పలే కొంప ముంచాయి. 2016లో లైంగిక వేధింపుల కేసులో ఓడిపోయాడు, 2017లో అరెస్టు వారెంటు. అయితే గురువు దుర్మార్గుడైనంత మాత్రాన ఆసనం పనిచేయదని తేలదు. మనవాళ్ళు తరచు ఇక్కడే పొరపాటు పడతారు.

తేలాలంటే వేడిని విడదీసి చూడాలి. ఆ పని అమెరికాలో జరిగింది. 2018లో వెలువడిన టెక్సాస్ పరిశోధనలో నడివయసువాళ్ళ చేత 12 వారాలు ఇవే ఆసనాలు వేయించారు. కొందరు 40.5 డిగ్రీల గదిలో, కొందరు 23 డిగ్రీల గదిలో. రక్తనాళాలు వ్యాకోచించే గుణం రెండు గుంపుల్లోనూ మెరుగైంది. చేసినవాళ్ళు కొద్దిమందే, నిజమే. కానీ ఈ విషయంలో వేడి ఖాతాలో జమ ఏమీ కనబడలేదు.

మనసు సంగతి ఇంకా తేలలేదు. 2023లో బోస్టన్ వైద్యులు వేడి యోగాతో డిప్రెషన్ బాగా తగ్గిందన్నారు. పోల్చింది మాత్రం ఏమీ చేయకుండా వంతు కోసం కాచుకున్నవాళ్ళతో. తగ్గించింది వేడా, ఆసనమా, నలుగురితో కలిసి ఉండటమా? ఆ వోచరు ఇంకా పాస్ కాలేదు.

స్టూడియోకి మళ్ళీ వెళ్ళలేదు. కుర్రాడికి ఫోన్ చేసి, బీపీ ఉన్నవాళ్ళకి మాత్ర మానమని చెప్పొద్దని గట్టిగానే చెప్పాను. నొచ్చుకున్నట్టున్నాడు. అతను నేర్పిన వాటిలో ఆరు ఆసనాలు మాత్రం పొద్దున్నే ఫ్యాను కింద వేస్తున్నాను. నాలుగు నెలలైంది. నేల మీంచి చెయ్యి ఆనించకుండా లేవగలుగుతున్నాను, నిద్ర ఫరవాలేదు. బీపీ 134/84. మాత్ర డోసు డాక్టరు మార్చలేదు, నేనూ మార్చలేదు.